ఎవరూ ఫోను తీయని ఉదయం

సల్కినై చేతులు ఖాళీగా ఉన్నాయి. జూరకాన్‌కి అనుమానం అక్కడే మొదలైంది.

సల్కినై అంటే పక్క వీధిలో దుకాణం నడిపే మనిషి. ఫోను లేని ఆమె చేతిని అట్‌బషీ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. కుడిచేత్తో రొట్టె తుంచుతుంటే ఎడమచేతిలో ఫోను, ఎడమచేత్తో పిల్లకి ముక్కు తుడుస్తుంటే కుడిచేతిలో ఫోను. పంచదార వచ్చిందనీ, రబ్బరు బూట్లు వచ్చాయనీ ఊరందరికీ అందులోంచే కబురు పెట్టేది. అలాంటి మనిషి దుకాణం తెరవాల్సిన వేళకి, తలకి రుమాలు పొందిగ్గా కట్టుకుని, "సలామ్ ఎజే, టీ తాగి పోదామని వచ్చా" అంటూ లోపలికొచ్చింది. నేల మీద పరిచిన పరుపు మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఫోనేదే?" అంది జూరకాన్.

"ఇంట్లో ఉంది."

"ఇంట్లో ఏం చేస్తోంది?"

"ఏం చేస్తుంది, పడుంది."

"నువ్విక్కడ, అదక్కడ. విడాకులిచ్చుకున్నారా ఏంటి?"

సల్కినై నవ్వింది. ఆ నవ్వు రావాల్సిన దానికన్నా ఒక లిప్త ఆలస్యంగా వచ్చింది. జూరకాన్ దాన్ని కూడా చూసింది.

చూడకుండా ఉండటం ఆవిడకి చేతకాదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ఎజేనే, అంటే అక్క. అరవై దాటినా ఆ పిలుపు మారలేదు. ఊళ్ళో ఆవిడకి రెండు పేర్లున్నాయి. ఒకటి షిర్దక్‌లు కుట్టడంలో. ఉన్నిని తడిపి, చుట్టి, తొక్కి తయారుచేసిన మందపాటి కంబళిలోంచి గొర్రెకొమ్ము వంపులు కోసి, ఒక రంగులో మరో రంగు పొదిగి కుడితే ఆవిడ కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో దొరికేది కాదు. రెండోది అనుమానంలో. ఎవరైనా "ఊరికే వచ్చాం" అంటే, "ఊరికే ఎవరూ గుమ్మం దాటరు, ఏం కావాలో చెప్పండి" అనేది. ఎవరైనా కంబళిని మరీ పొగిడారంటే ఆ రాత్రి తలుపుకి గడియతో పాటు కర్ర కూడా అడ్డం పెట్టేది.

ఫోన్ల మీద ఆవిడకున్న అనుమానం మాత్రం అంతా ఇంతా కాదు. నలుగురు ఆడవాళ్ళు కూర్చుని కుడుతున్నప్పుడు మాట ఒకరి దగ్గర్నుంచి ఒకరికి వెళ్తుంది, తిరిగొస్తుంది. మధ్యలో ఒకామె ఫోను చూసి పెదవి బిగించి నవ్వుతుంది. కాసేపటికి ఎదురుగా ఉన్నామె తన ఫోను చూసి అలాగే నవ్వుతుంది. ఇద్దరూ జూరకాన్ వైపు మాత్రం చూడరు. "అంటే ఆ మాట నా గురించేగా?" అనేది ఆవిడ. "మనిషన్నవాడు ఇంట్లోకొస్తే సలాం చెప్పి వస్తాడు. ఈ ఫోనులోంచి వచ్చేవాడు సలాం లేదు, పాడు లేదు, నేరుగా నట్టింట్లోకొచ్చి కూర్చుంటాడు. వాడెవడో నాకు తెలియదు. నేనెవరో వాడికి తెలుసు. ఇదెక్కడి మర్యాద?"

అందుకని ఆవిడ ఒక శిక్ష కనిపెట్టింది. ఆ ఊళ్ళో టీ గిన్నెలో సగానికి తక్కువే పోస్తారు. తక్కువ పోశారంటే, ఉండు, తాగుతుండు, పోస్తూనే ఉంటాను అని. అంచుదాకా నింపారంటే, తాగేసి లే అని. జూరకాన్ తన ఇంట్లో టీ పోసే పని కోడలికి కూడా ఇచ్చేది కాదు. టీ నీళ్ళు కాగే సమోవర్ పక్కన తనే కూర్చునేది. తివాచీ మీద పరిచిన గుడ్డ చుట్టూ చేరినవాళ్ళలో ఎవరైనా ఫోను తీసి తల వంచారంటే, చడీచప్పుడు లేకుండా వాళ్ళ గిన్నె అంచుదాకా నింపి ముందుకి తోసేది. తల ఎత్తి చూసేసరికి టీ పొర్లడానికి సిద్ధంగా ఉండేది. మిగతావాళ్ళు పకపకా నవ్వేవారు. దొరికినవాళ్ళు సిగ్గుపడి ఫోను జేబులో పెట్టేవారు. ఎక్కువసార్లు దొరికింది సల్కినై.

ఒక్క మనిషికి ఆ శిక్ష లేదు. తమ్ముడు తొక్తోసున్ ఫోను చేస్తే, ఎంతమంది కూర్చుని ఉన్నా, టీ పోస్తూ పోస్తూ ఆపి మరీ ఎత్తేది.

వాళ్ళమ్మకి జూరకాన్ తర్వాత పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు. చివరికి వీడు పుడితే, "ఇక్కడే ఉండిపోనీ" అనే అర్థం వచ్చేలా తొక్తోసున్ అని పేరు పెట్టింది. ఉన్నాడు. అమ్మ ఆవుల కొట్టంలో పాలు పితకడానికి పోతే జూరకాన్ వాణ్ణి వీపున కట్టుకుని ఆడుకునేది, వీపున కట్టుకునే బడికెళ్ళేది. అమ్మ పోయాక ఈ ఇంటికి కోడలిగా వస్తూ వాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. "కొత్తకోడలు వస్తూ వస్తూ కొడుకుని తెచ్చుకుంది" అని ఊరు మూతి తిప్పుకుంది. వాడు పెద్దవాడై లారీ తోలాడు, ఎగువ ఊళ్ళో ఇల్లు కట్టాడు, గుల్‌బర్చిన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. జూరకాన్ భర్త పోయినప్పుడు అన్నీ దగ్గరుండి చూసింది వాడే.

ఇప్పుడు వాడు రాజధాని బిష్కెక్‌లో ఆసుపత్రిలో ఉన్నాడు. గుండెకి ఆపరేషన్ అయింది. నిన్న సాయంత్రం మాట్లాడాడు. గొంతు సన్నగా, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

"రేపు పొద్దున టీ వేళకి చేస్తా ఎజే. ఎత్తుతావుగా? గిన్నె నింపి నా మొహాన పెట్టవుగా?"

"నువ్వు మాట్లాడరా, చాలు. పక్కన ఎవరున్నారు?"

"గుల్‌బర్చిన్ ఉంది. ఎక్కడికి పోతుంది."

ఆ టీ వేళ ఇదే. ఇంతవరకూ ఫోను రాలేదు. అసలు ఫోనే చేతికి రాలేదు. తెల్లారి లేచి చూస్తే తలగడ దగ్గర లేదు.

"ఐజార్కిన్!" అని పిలిచింది జూరకాన్. వంటింట్లోంచి కోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడని అపా, అంటే అమ్మా అని పిలిచేది ఆమె ఒక్కతే. "నా ఫోనేదమ్మా?"

"ఛార్జింగులో పెట్టానపా."

"రాత్రి నిండా ఉంది కదా."

"అయిపోయిందపా. పాతదైపోయింది, నిలవడం లేదు."

"తొక్తోసున్ చేస్తాడు. తెచ్చి ఈ రొట్టె పక్కన పెట్టు."

"లైను లేదపా. టవర్ దగ్గర ఏదో పోయిందట. ఊరంతటికీ లేదు."

"పోయిందట అని నీకెవరు చెప్పారు? లైను లేనప్పుడు కబురెలా వచ్చింది, గాల్లో ఎగురుకుంటూ వచ్చిందా?"

ఐజార్కిన్ కళ్ళు ఒకసారి సల్కినై మీదికి పోయి నేల మీద వాలాయి. "పాలు పొంగుతున్నాయపా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. జూరకాన్ ముక్కు పైకెత్తి వాసన చూసింది. పొయ్యి మీద పాలు లేవు.

"ఏదో ఉందే," అంది సల్కినైతో. "మా అబ్బాయి మక్సత్ చీకటితోనే కారు తీసుకుని పోయాడు. గడ్డికట, గడ్డికి! గడ్డి తేవడానికి ఎవరైనా మంచి కోటు వేసుకుని పోతారా?"

"చలిగా ఉంది కదా ఎజే."

"చలికి గొర్రెతోలు కోటుంది. అది కొక్కేనికి వేలాడుతోంది, చూడు."

సల్కినై చూడలేదు. గిన్నెలో టీ వైపు చూస్తూ, "మీ జామ్ ఈసారి బాగా కుదిరింది" అంది. జామ్ మూత ఇంకా తీయనే లేదు.

అంతలో బుబుసారా వచ్చింది. జూరకాన్ ఈడుది, పొరుగింటిది, ఏళ్ళ తరబడి ఇద్దరూ ఒకే కంబళికి రెండు చివర్లా కూర్చుని కుట్టినవాళ్ళు. చంకలో ఒక ఎర్ర కంబళి ముక్క ఉంది. "ఈ కొమ్ము వంపు ఎటు తిప్పాలో మర్చిపోయానే, నీకు చూపిద్దామని" అంటూ కూర్చుంది.

"మర్చిపోయావా! కళ్ళకి గంతలు కట్టినా కోస్తావు నువ్వు."

"ముసలిదాన్నైపోతున్నా."

"నిన్నటిదాకా కాలేదే. సూదేదీ?"

బుబుసారా తన కోటు అంచు తడిమింది. సూది అక్కడ గుచ్చి ఉండాలి, ఎప్పుడూ ఉంటుంది. లేదు. "తెస్తాలే" అంది గాని లేవలేదు. ఆమె కూడా ఫోను బయటికి తీయలేదు. మామూలుగా అయితే వస్తూనే కళ్ళజోడు పెట్టుకుని మనవరాలి ఫోటోలు చూపించేది. అందుకు జూరకాన్ విసుక్కునేది, విసుక్కుంటూనే రెండుసార్లు చూసేది.

ముగ్గురూ టీ తాగారు. నిజానికి జూరకాన్ ఒక్కతే తాగింది. మిగతా ఇద్దరి గిన్నెల మీద మీగడ తెట్టు కడుతోంది. ఇద్దరూ ఎన్నడూ లేనంత మర్యాదగా ఉన్నారు. ఆవిడ మాట్లాడితే వింటున్నారు. ఆవిడ మొహం వైపే చూస్తున్నారు. జీవితమంతా మొత్తుకున్నా దొరకని మర్యాద ఒక్కసారిగా వచ్చిపడితే ఎవరికి మాత్రం భయం వేయదు?

"ఏమే," అంది చివరికి, "ఇద్దరూ కలిసి నాకెవడైనా ముసలాణ్ణి చూసి పెట్టారా? అలా అయితే ముందే చెప్పండి, పళ్ళున్నాయో లేవో కనుక్కోవాలి."

బుబుసారా నవ్వబోయింది. నోరు తెరిచింది గాని నవ్వు బయటికి రాలేదు. అదే సమయంలో సల్కినై జేబులోంచి జుయ్యిమని చప్పుడొచ్చింది.

మళ్ళీ జుయ్యిమంది.

"నీ జేబులో తేనెటీగ దూరినట్టుంది," అంది జూరకాన్.

"అలారం ఎజే. మందు వేసుకోవాలని పెట్టుకున్నా."

"ఇంట్లో పడుందన్నావు. నీ వెనకాలే నడిచొచ్చిందా? ఏం మందు?"

"తలనొప్పికి."

"తలనొప్పి ఎప్పుడొస్తుందో ముందే తెలిసి అలారం పెట్టుకున్నావా?"

జేబు ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి ఆగకుండా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఊరంతా ఒకేసారి ఒకే మాట రాస్తే అలా వస్తాయి. లైను లేదన్న ఊరు. సల్కినై అరచేత్తో జేబుని అదిమి పట్టుకుంది.

జూరకాన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వీధిలో పాప్లర్ చెట్ల ఆకులు పసుపచ్చగా రాలి ఉన్నాయి. ఎదురింటి లారీ బయల్దేరుతోంది. వెనకాల చెక్క జాలీలు మడిచి కట్టి ఉన్నాయి, పైన కంబళ్ళు, తాళ్ళు. ఒక యుర్తా మొత్తం, అంటే జాలీల చుట్టూ కంబళ్ళు కప్పి నిలబెట్టే గుండ్రటి గుడారం. లారీ మలుపు తిరిగి ఎగువ ఊరి దారి పట్టింది.

"ఎవరికే ఆ యుర్తా?"

"పెళ్ళేదో ఉందట," అంది బుబుసారా, కంబళి ముక్క అంచులు పీకుతూ.

"పెళ్ళిళ్ళన్నీ ఈమధ్య హాళ్ళలోనేగా చేస్తున్నారు. లైట్లు, పాటలు, గాజు గ్లాసులు. యుర్తా ఎవరు వేస్తున్నారు?"

ఈమధ్య యుర్తా ఎందుకు వేస్తారో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

జూరకాన్ కిటికీ దగ్గరే నిలబడిపోయింది. ఆవిడకి ఇదంతా కొత్త కాదు. ఈ పద్ధతి ఊళ్ళో పెట్టింది ఆవిడే.

కొన్నేళ్ళ కిందట ఇదే గుడ్డ చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు. నవ్వులు, వేళాకోళాలు. సల్కినై ఫోను తీసి తల వంచింది. జూరకాన్ మిగతావాళ్ళకి కన్నుగీటి, ఆమె గిన్నె అంచుదాకా నింపి ముందుకి తోసింది. అందరూ నవ్వారు. సల్కినై తల ఎత్తలేదు. ఇంకా నవ్వారు. అప్పుడు ఆమె ఫోనుని ఇటు తిప్పి, "ఇదేంటి ఎజే, వీళ్ళందరూ నాకు ఓదార్పు ఎందుకు చెబుతున్నారు?" అని అడిగింది. ఎవరో దూరపు చుట్టం తొందరపడి రాశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు రాశాడు. సల్కినై తండ్రి పోయిన సంగతి ఆమెకి తప్ప ఊరంతా తెలిసిపోయింది. నోటితో చెప్పాల్సిన పెద్దవాళ్ళు ఇంకా దారిలోనే ఉన్నారు. ఆమె ముందు పొర్లిపోతున్న టీ గిన్నె ఉంది.

చావు కబురు అలా చెప్పరు. పెద్దవాళ్ళు వస్తారు, కూర్చుంటారు, ఎక్కడో మొదలుపెట్టి నెమ్మదిగా దగ్గరికొస్తారు. వినేవాళ్ళ భుజం పక్కన ఒక భుజం ఉండేలా చూసుకుంటారు. తాతల కాలం నుంచి అంతే. జూరకాన్ మర్నాడే ఇల్లిల్లూ తిరిగింది. "ఇకమీదట ఏ ఇంట్లో ఇలాంటిది జరిగినా, ముందు ఆ మనిషి ఫోను తీసి దాచండి. పరుపుల దొంతర మధ్యలో దూర్చండి, వెలుగూ చప్పుడూ బయటికి రాకూడదు. ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి పక్కన కూర్చోండి. మీ ఫోన్లు బయటికి తీశారో, చేతులు విరగ్గొడతా. పెద్దవాళ్ళు వచ్చేదాకా మాట నడుపుతూ ఉండండి." ఊరు ఒప్పుకుంది. తర్వాత అలాంటి ఇళ్ళకి వెళ్ళి కూర్చున్నవాళ్ళలో ఎప్పుడూ ముందుండేది జూరకానే. ఎన్నిసార్లు జామ్ గురించీ, వాతావరణం గురించీ అబద్ధపు కబుర్లు చెప్పిందో. ఎంతమంది ఆవిడ మొహంలోకి గుచ్చి గుచ్చి చూశారో.

ఇప్పుడు తను వాళ్ళ చోట నిలబడి ఉంది. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. జీవితమంతా ప్రతి మంచి మాట వెనకా ఒక చెడు వెతికిన మనిషి, ఆ పూట అంత పెద్ద చెడుకి బదులు ఏదైనా చిన్న చెడు దొరికితే చాలని వెతుక్కుంది. మక్సత్ కారు ఎక్కడో గుద్ది ఉంటాడు, అది చెప్పలేక దాస్తున్నారు. కోడలు నా ఫోను నీళ్ళలో పడేసి ఉంటుంది. లేదంటే నన్ను అడక్కుండా గోధుమరంగు ఆవుని అమ్మేశారు. అమ్మేస్తే అమ్మేశారు, పీడా పోయింది! ఎవరైనా ఇప్పుడు వచ్చి "నీ ఆవుని అమ్మేశాం" అని ఒప్పుకుంటే వాళ్ళని ముద్దు పెట్టుకునేది.

"సల్కినై, నిజం చెప్పు. వీళ్ళు నా ఆవుని అమ్మేశారా?"

"లేదెజే. ఆవు కొట్టంలోనే ఉంది."

"అమ్మేశారని చెప్పవే."

సల్కినై తల దించుకుంది.

జూరకాన్ కిటికీ వదిలి గోడ దగ్గరికి నడిచింది. అక్కడ ఇంటిలోని పరుపులూ బొంతలూ నడుమెత్తు దాకా దొంతరగా పేర్చి ఉన్నాయి, పైన పెళ్ళినాటి పట్టుబొంత. ఆవిడ చెయ్యి నేరుగా మధ్యకి పోయింది. వెతకాల్సిన పని లేదు. ఎక్కడ పెట్టాలో ఐజార్కిన్‌కి నేర్పింది ఎవరు?

"ఎజే, వద్దు," అంది సల్కినై. అప్పటికే లేచి నిలబడింది. "నా మాట విను. అందులో చూడొద్దు. నేను చూశాను కదా, నాకు తెలుసు. చూడొద్దు."

వేళ్ళకి చల్లగా తగిలింది. జూరకాన్ బయటికి లాగింది. అదే క్షణంలో అరచేతిలో ఫోను వెలిగింది. శబ్దం తీసేసి ఉంది, వణుకుతోంది. తెర మీద తొక్తోసున్ ఫోటో. పోయిన వేసవిలో పచ్చిక మైదానంలో తీసింది, టోపీ వెనక్కి తోసుకుని, ఎండకి ఒక కన్ను మూసి నవ్వుతున్నాడు. కింద వాడి పేరు.

చేస్తున్నాడు! టీ వేళకి చేస్తానన్నాడు, చేస్తున్నాడు! వీళ్ళంతా పొరబడ్డారు. ఊరంతా కలిసి పొరబడింది. వేలు తెర మీదికి పోయింది. అప్పుడు ఆవిడ తలెత్తి గుమ్మంలో ఉన్న కోడలి మొహం చూసింది. ఆ మొహంలో ఆశ లేదు. ఆ ఫోను ఎవరి చేతిలోంచి వస్తోందో ఐజార్కిన్‌కి తెలుసు. మనిషి పోయినా వాడి ఫోను పోదు, ఇంకెవరో పట్టుకుంటారు. జూరకాన్‌కి అది అర్థమైంది. అర్థమైనా వేలు అక్కడే ఉంది. ఎత్తితే వాడు కావచ్చు. ఎత్తనంతసేపూ వాడు కావచ్చు.

గేటు చప్పుడైంది. వాకిట్లో మెల్లగా, బరువుగా అడుగులు. సాతర్‌కుల్ ముందున్నాడు, ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు, అందరూ ఆతా, అంటే తండ్రీ అని పిలిచే మనిషి, చేతికర్ర తాటిస్తూ. ఆయన వెనక తెల్లటి ఉన్ని టోపీలు పెట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులు. లోపలికి వచ్చి, ఆవిడ చేతిలో వెలుగుతున్న ఫోను చూసి ఆగిపోయారు. ఆలస్యమైపోయిందనుకున్నారు.

జూరకాన్ ఫోనుని రెండు చేతులా పట్టుకుని ముసలాయన ముందుకి చాపింది.

"ఆతా, ఇది మోగుతోంది. నేనెత్తను. మీరు చెప్పాలని వచ్చిన మాట మీరే చెప్పండి."

సాతర్‌కుల్ దాన్ని తీసుకున్నాడు. ఎలా ఆపాలో ఆయనకి తెలియదు. ఎండిన అరచేతిలో అది కాసేపు వణికి, దానంతటదే ఆరిపోయింది. ఆయన దాన్ని వెనకున్న మనిషికిచ్చి, నెమ్మదిగా పరుపు మీద కూర్చున్నాడు. సల్కినై జూరకాన్‌ని కూర్చోబెట్టి ఒక భుజానికి ఆనుకుంది, బుబుసారా రెండో భుజానికి. టీ పోయమని ఎవరూ అడగలేదు.

"జూరకాన్," అన్నాడు ముసలాయన, "తమ్ముణ్ణి ఎంతకాలం మోశావమ్మా వీపు మీద?"

"నడక వచ్చేదాకా. నడక వచ్చాక కూడా."

"బరువనిపించిందా?"

"లేదాతా. ఎప్పుడూ లేదు."

"నాకు గుర్తే. వాగు దాటేటప్పుడు నిన్ను చూసేవాణ్ణి. నీ కాళ్ళు తడిసేవి, వాడి కాళ్ళు తడిసేవి కావు." ఆయన కర్రని పక్కన పడుకోబెట్టాడు. "ఇంక ఆ మోత నీది కాదు, తల్లీ. సాయంత్రానికి తీసుకొస్తున్నారు. మక్సత్ ఎదురెళ్ళాడు. మగవాళ్ళం మేమున్నాం. మేం మోస్తాం."

జూరకాన్ ఏడవలేదు. ఇంకా ఏదో మిగిలిపోయినట్టు ఆయన్నే చూస్తోంది.

"ఆతా, ఒక్కటి అడుగుతా. వాడు పోయేటప్పుడు పక్కనున్నవాళ్ళు వాడి మొహం చూస్తున్నారా?"

సాతర్‌కుల్ వెంటనే చెప్పలేదు. గడ్డం ఒకసారి నిమురుకున్నాడు. ఆయన చూపు ఆవిడ మీది నుంచి కిటికీ వైపు వెళ్ళి తిరిగొచ్చింది.

"చూస్తూనే ఉంది. నీ మరదలు చెయ్యి పట్టుకుని కూర్చుందట."

ఆ జాప్యం జూరకాన్‌కి తెలిసింది. కిటికీ వైపు వెళ్ళిన చూపు కూడా తెలిసింది. అలాంటి వాటిని పట్టుకుని ఎంతమందిని కడిగి ఆరేసిందో ఆవిడకే లెక్క లేదు. "ఎవరు చెప్పారు?" అని ఒక్కమాట అడిగితే చాలు. అడగలేదు. ఆయనకి వంగి నమస్కరించి, గోడవైపు తిరిగి కూర్చుని, తల మీది రుమాలు సడలించుకుని గొంతెత్తింది. ఆ ఏడుపు పాటలో వాగు ఉంది, తడవని పాదాలున్నాయి.

సాయంత్రం ఎగువ ఊళ్ళో, ఆ లారీ మోసుకొచ్చిన యుర్తాలోనే తొక్తోసున్‌ని పడుకోబెట్టారు. ఆడవాళ్ళు కుడివైపు, గోడ జాలీకి మొహం పెట్టి, వచ్చేవాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నారు. జూరకాన్ పక్కన గుల్‌బర్చిన్. పొద్దుట్నించీ ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. తొక్తోసున్ ఫోను ఇంకా ఆమె శాలువా చెంగులో మూటకట్టి ఉంది. ఒక గుంపు వెళ్ళి ఇంకో గుంపు వచ్చేలోపు కాస్త నిశ్శబ్దం దొరికింది. గుల్‌బర్చిన్ వదిన చెవి దగ్గరికి వంగింది.

"ఎజే, నీకొకటి చెప్పాలి. ఆ వేళకి నేను... పిల్లలు ఫోను చేస్తున్నారని వరండాలోకి..."

జూరకాన్ ఆమె చేతిని వెతికి పట్టుకుని తన ఒళ్ళోకి లాక్కుంది.

"నువ్వు చెయ్యి పట్టుకుని కూర్చున్నావని సాతర్‌కుల్ ఆతా చెప్పారు."

"కానీ ఎజే..."

"పెద్దవాళ్ళొచ్చి చెప్పారు, నేను విన్నాను. నేను విన్నది అదే."

గుల్‌బర్చిన్ ఆవిడ మొహంలోకి చూసింది. జూరకాన్ చూపు జాలీ మీదే ఉంది. బయట గుర్రాలు ఆగిన చప్పుడు, దిగుతూనే గొంతెత్తిన మగవాళ్ళ ఏడుపు దగ్గరవుతోంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదలకుండానే, వచ్చేవాళ్ళకి వినిపించేలా ఏడుపు పాట మళ్ళీ అందుకున్నారు.